వేసవి దాహం - నిమ్మ పానకం కథ



శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. చలి పోయాక మన బళ్ళారి సీమలో ఏమి వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇటు సిరుగుప్ప, హచ్చొళ్ళి, అటు ఆదోని, ఆలూరు, ఎటు చూసినా నల్లరేగడి నేల. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే ఆ నేల నోరు తెరుచుకుంటుంది. మనిషి నోరూ అంతే. అలాంటి వేళ ఇంటికి వచ్చినవారికి ముందుగా ఒక గ్లాసు చల్లని నీళ్ళు, ఆ తరువాత నిమ్మకాయ పిండిన పానకమో, షర్బత్తో ఇవ్వడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద.

నిమ్మకాయ నీళ్ళకు కూడా చరిత్ర ఉంటుందా అని మీరు నవ్వుకోవచ్చు. ఉంటుంది. పైగా మన ప్రాంతంలో అది చాలా దూరం వెనక్కి వెళుతుంది. ఈ ప్రసంగంలో రెండు విషయాలు చూద్దాం. ఆ గ్లాసులో ఏముంది అన్నది మొదటిది. ఆ గ్లాసు ఎవరి చేతికి అందింది, ఎవరి చేతికి అందలేదు అన్నది రెండవది. చివర ఇంట్లో ఎలా చేసుకోవాలో కూడా చెప్పుకుందాం.

మన సిరుగుప్ప తాలూకాలోనే నిట్టూరు, ఉడేగోళం అనే ఊళ్ళు ఉన్నాయి. ఆ రెండు చోట్లా అశోక చక్రవర్తి చెక్కించిన చిన్న శిలాశాసనాలు 1970ల చివరిలో వెలుగులోకి వచ్చాయి. నిట్టూరు శాసనంలో అశోకుడి పేరు స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పేరు నేరుగా చెప్పే శాసనాలు దేశం మొత్తం మీద కొన్నే ఉన్నాయి. ఇటు కర్నూలు జిల్లాలో జొన్నగిరి దగ్గర ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద ఆయన పెద్ద శిలాశాసనాలన్నీ ఉన్నాయి. వాటిలో రెండవ శాసనం మన ప్రసంగానికి ముఖ్యం. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామని, మూలికలు, దుంపలు, పండ్లు లేని చోటికి వాటిని తెప్పించి నాటించామని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించామని అందులో ఉంది. అంటే దాదాపు 2250 ఏళ్ళ కిందట, ఇదే ఎండ కాసే దారుల మీద, బాటసారి దాహం రాజు పట్టించుకోవలసిన సంగతి అయింది. వైద్యం, పండు, నీరు, ఈ మూడింటినీ ఒకే శాసనంలో చేర్చడం గమనించండి. మన నిమ్మ పానకంలో ఉన్నవి కూడా ఆ మూడే.

ఇక మాటల సంగతి. పానకం అన్నది సంస్కృతం నుంచి వచ్చిన మాట. తాగేది అని అర్థం. షర్బత్తు అరబ్బీ నుంచి వచ్చింది. దాని అర్థమూ తాగేది అనే. తెలుగులో నిమ్మ, కన్నడంలో నింబె. బెల్లాన్ని కన్నడంలో బెల్ల అంటారు, మజ్జిగను మజ్జిగె అంటారు, శొంఠిని శుంఠి అంటారు. మన సరిహద్దు ఊళ్ళలో పిల్లలు ఏ బడిలో చదివినా వంటింటి మాటలు నేర్చుకోవడానికి పెద్దగా కష్టపడరు. రెండు భాషలూ ఒకే పొయ్యి దగ్గర పెరిగాయి మరి.

నిమ్మ కంటే ముందు మన దేశంలో పులుపుకు వాడిన పండ్లు చాలా ఉన్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారంలో ఉండవలసిన పుల్లని పండ్ల పట్టిక ఉంది. వాక్కాయ, మామిడి, ఉసిరి, రేగు, మాదీఫలం అందులో కనిపిస్తాయి. ఈ మాదీఫలం మన నిమ్మకు దగ్గరి బంధువు. నిమ్మ జాతుల పుట్టుక మీద ఇటీవలి కాలంలో జన్యు పరిశోధనలు జరిగాయి. ఈ జాతి చెట్లు మొదట హిమాలయాల ఆగ్నేయ పాదాల వద్ద పుట్టి విస్తరించాయని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మనం రోజూ వాడే చిన్న నిమ్మకాయ, మాదీఫలానికీ ఆగ్నేయాసియాకు చెందిన మరొక అడవి నిమ్మకూ పుట్టిన సంకరమని అంతకు రెండేళ్ళ ముందే తేల్చారు. అంటే ఎక్కడో కలిసిన రెండు చెట్ల బిడ్డ మన పెరటికి చేరింది.

పన్నెండవ శతాబ్దికి వద్దాం. అప్పుడు ఈ సీమ కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆ వంశంలో మూడవ సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం అనే గ్రంథం కూర్చాడు. రాజ్యపాలన మొదలు వంటల వరకు, ఏనుగుల మొదలు సంగీతం వరకు అందులో లేని విషయం లేదు. దానిలో పానీయభోగం అని ఒక భాగమే ఉంది. ఏ కాలంలో ఏ నీళ్ళు తాగాలి, వాటికి పరిమళం ఎలా పట్టించాలి, పానకాలు ఎలా చేయాలి అని రాజు తీరిగ్గా వివరించాడు. తాగే నీటిని కూడా ఒక విద్యగా చూసిన కాలం అది. అయితే అది రాజుగారి పళ్ళెం పక్కన పెట్టిన పాత్ర. పొలంలో కలుపు తీసే మనిషి ఏమి తాగాడో ఆ గ్రంథం చెప్పదు.

విజయనగరం నాటికి చిత్రం మరికొంత విశాలమవుతుంది. 1520 ప్రాంతంలో దొమింగో పాయెస్ అనే పోర్చుగీసు వర్తకుడు హంపీకి వచ్చాడు. హంపీ ఉన్న హొసపేట తాలూకా మొన్నమొన్నటి దాకా మన బళ్ళారి జిల్లాలోదే. 2021లో విజయనగర జిల్లా వేరుపడింది. ఆ నగరపు బజారులో ద్రాక్ష, నారింజ, నిమ్మ, దానిమ్మ, పనస, మామిడి పండ్లు కావలసినన్ని ఉన్నాయని, అవన్నీ చాలా చవక అని పాయెస్ రాసిపెట్టాడు. చవక అన్న మాట ముఖ్యం. నిమ్మపండు అప్పటికే రాజుల తోట దాటి బజారుకు వచ్చింది.

అదే నగరంలో సింహాసనం మీద ఉన్న శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో ఆముక్తమాల్యద రచించాడు. అందులో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చిన వైష్ణవులకు ఏ ఋతువులో ఏమి వడ్డించాడో చెప్పాడు కదా. వేసవి విందులో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు, పండ్లు, పరిమళించే చల్లని నీళ్ళు, ఊరగాయలు, నీళ్ళు కలిపిన మజ్జిగ ఉంటాయి. లేత కొబ్బరి నీళ్ళకు రాయలు వాడిన మాట ఎడనీళ్ళు. ఈనాటికీ కన్నడంలో వాటిని ఎళనీరు అంటారు. పలుచని మజ్జిగకు ఆయన వాడిన మాట నీరుచల్ల. మన పల్లెల్లో ముసలివాళ్ళు మజ్జిగను చల్ల అంటే పిల్లలు నవ్వుతారు. నవ్వవలసిన పనిలేదు. అది రాయలవారి కావ్యంలో ఉన్న మాట. ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆ విందు రాజభవనంలో జరగలేదు. శ్రీవిల్లిపుత్తూరులో ఒక పూజారి ఇంట్లో, దారిన వచ్చిన అతిథులకు పెట్టిన భోజనం అది. ఎండకు తగ్గట్టు వడ్డించడం ఇంటి యజమాని కర్తవ్యమని కవి భావించాడు.

ఇలా దారినపోయే వారికి నీళ్ళిచ్చే ఏర్పాటును తెలుగులో చలివేంద్రం అంటాం, చలిపందిరి అని కూడా అంటాం. కన్నడంలో దీని పేరు అరవట్టిగె. అందులో అర అంటే ధర్మం. చెరువు తవ్వించడం, చెట్టు నాటించడం, బావి కట్టించడం లాగే ఎండాకాలంలో పందిరి వేసి కుండలు పెట్టడం పుణ్యకార్యంగా సాగింది. కొత్త కుండ, కింద ఇసుక, చుట్టూ తడిబట్ట, ఇదే ఆనాటి యంత్రం. కుండ రంధ్రాల్లోంచి చెమ్మ బయటికి వచ్చి ఆవిరి అవుతుంటే లోపలి నీళ్ళలో వేడి తగ్గుతుంది. కరెంటు ఖర్చు లేదు.

శ్రీరామనవమి నాడు ఈ ధర్మం పండుగ రూపం తీసుకుంటుంది. తెలుగువారు బెల్లం, మిరియాలు, ఏలకులు కలిపిన పానకం, నానబెట్టిన పెసరపప్పుతో వడపప్పు పంచుతారు. కన్నడిగులు పానకం, నీరు మజ్జిగె, కోసంబరి పంచుతారు. వాళ్ళు పానకంలో కర్బూజ పండు గుజ్జునో, బేలదహణ్ణు గుజ్జునో కలుపుతారు. బేలదహణ్ణు అంటే మన వెలగపండు. మన సరిహద్దు ఊళ్ళలో ఈ రెండు రకాలూ ఒకే వీధిలో దొరుకుతాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్ళాయి. బళ్ళారి, సిరుగుప్ప, హొసపేట మొదలైనవి మైసూరుకు వెళ్ళాయి. గీత గీసినవారు మనుషులను లెక్కపెట్టారు, భాషలను లెక్కపెట్టారు. ఆదోనికి ఇచ్చిన ఆడపిల్ల పుట్టింటి కర్బూజ పానకం అక్కడ చేస్తే, సిరుగుప్పకు వచ్చిన కోడలు మిరియాల పానకం ఇక్కడ చేసింది. ఆ లెక్క ఎవరి దస్త్రంలోనూ లేదు.

ఇంతవరకు తియ్యటి కథ చెప్పాను. చరిత్ర చెప్పేవారు చేదును దాచిపెట్టకూడదు.

చలివేంద్రంలో నీళ్ళు అందరికీ అన్నారు గాని, అందరికీ ఒకే విధంగా ఇవ్వలేదు. కొందరికి చెంబు చేతికిచ్చేవారు. కొందరికి దూరంగా నిలబెట్టి, ఎత్తునుంచి దోసిట్లోకి పోసేవారు. ఊరి బావి కొందరిది, వాడ బావి కొందరిది. ఆ తరువాత టీ హోటళ్ళు వచ్చినప్పుడు కూడా చాలా పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి వచ్చింది. కొందరి గ్లాసు లోపల బల్ల మీద, కొందరి గ్లాసు బయట చూరులో. ఎండకు కులం లేదు, దాహానికి కులం లేదు. గ్లాసుకు మాత్రం ఉండింది.

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ తన చిన్ననాటి అనుభవం ఒకటి రాశారు. 1901లో, తొమ్మిదేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు, అన్నతోనూ ఇతర పిల్లలతోనూ కలిసి తండ్రి దగ్గరకు బయలుదేరారు. మసూరు స్టేషనులో దిగి ఎద్దుల బండి మీద ప్రయాణం. వెంట తిండి ఉంది. కానీ వారు మహర్లని తెలిస్తే దారిలో ఎవరూ మంచినీళ్ళు ఇవ్వరు. తిండి ముందు పెట్టుకుని, నీళ్ళు లేక తినలేక, ఆ పిల్లలు ఆకలితోనే నిద్రపోయారు. ఆ బాలుడే పెద్దవాడై 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో వేలమందితో కలిసి నీళ్ళు తాగాడు. బావులు, చెరువులు, అంగళ్ళు, హోటళ్ళ విషయంలో కులం పేరుతో ఎవరినీ అడ్డగించరాదని 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 15వ అధికరణంలో చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. ఒక గ్లాసు నీళ్ళ కోసం రాజ్యాంగంలో వాక్యం రాయవలసి వచ్చిందంటే, ఆ గ్లాసు ఎంత బరువైనదో ఆలోచించండి.

ఇక ఆంగ్లేయుల కాలం. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అప్పటిదే. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరు. బళ్ళారిలో పెద్ద దండు విడిసింది. ఆంగ్లేయులకు నిమ్మ విలువ అప్పటికే తెలుసు. అదీ మరొక కథ. సముద్రం మీద నెలల తరబడి ఉండే నావికులకు చిగుళ్ళు వాచి, రక్తం కారి, ప్రాణం తీసే జబ్బు వచ్చేది. దానిని స్కర్వీ అంటారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరేసి చొప్పున ఆరు జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరే త్వరగా లేచి తిరిగారు. ఇంత స్పష్టంగా కనిపించినా బ్రిటిష్ నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. మధ్యలో దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి. మంచి మందు చవకగా ఉంటే మనుషులు దానిని త్వరగా నమ్మరు కాబోలు. నిమ్మలోని ఆ గుణం సి విటమిన్‌దని ఇరవయ్యవ శతాబ్దిలో తేలింది.

ఆ దొరల కోసమే మంచుగడ్డ కూడా వచ్చింది. అమెరికాలో చెరువులు గడ్డకట్టినప్పుడు ఆ మంచును కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో 1833లో కలకత్తాకు తెచ్చారు. 1842 ప్రాంతంలో మద్రాసు సముద్రతీరంలో దాని నిల్వకు ఒక భవనమే కట్టారు. దానికి ఐస్‌హౌస్ అని పేరు. 1897లో స్వామి వివేకానంద బస చేసింది ఆ భవనంలోనే. ఆ మంచు దొరల గ్లాసుల్లోకి వెళ్ళింది గాని రైతుల కుండల్లోకి రాలేదు.

సోడా మాత్రం సామాన్యుడి దాకా వచ్చింది. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు మెడలో గాజుగోళీ ఉండే సీసాకు పేటెంటు పొందాడు. లోపలి గాలి ఒత్తిడే గోళీని పైకి నెట్టి మూతగా బిగిస్తుంది. అదే మన గోలీసోడా. ఆ సీసా పుట్టిన దేశంలో ఎప్పుడో మూలబడినా, మన జాతరల్లో, సినిమా హాళ్ళ దగ్గర, బస్టాండుల్లో తరాల తరబడి కీచుమని మోగింది. అందులో నిమ్మకాయ పిండి, ఉప్పు వేస్తే పొంగి గ్లాసు అంచు దాటుతుంది. గోదావరి సీమలో రామచంద్రపురంలో ఆర్టోస్ పేరుతో స్వదేశీ శీతల పానీయమే తయారైంది. ఇటు మన రాయలసీమ బండ్ల మీద నన్నారి షర్బత్తు రాజ్యమేలింది. నన్నారి అంటే సుగంధిపాల వేరు. దాని పాకంలో నిమ్మరసం, నానిన సబ్జా గింజలు కలిపి ఇస్తే ఎండలో వచ్చినవాడి ముఖం వికసిస్తుంది.

1977లో కోకాకోలా మన దేశం విడిచి వెళ్ళింది. 1993లో మళ్ళీ వచ్చింది. ఆ తరువాత ప్లాస్టిక్ సీసా కరెంటు ఉన్న ప్రతి ఊరికీ చేరింది. ఇప్పుడు చుట్టం వస్తే పెరట్లో నిమ్మచెట్టు ఉన్న ఇంట్లో కూడా పిల్లవాడిని అంగడికి పంపి రంగునీళ్ళ సీసా తెప్పిస్తున్నారు. నిమ్మ నీళ్ళు ఇస్తే చులకనవుతామేమోనని కొందరి భయం. ఇక్కడే మనం ఒక్కసారి ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఇది రుచి విషయం ఒక్కటే అయితే ఎవరి ఇష్టం వారిది అనుకోవచ్చు. ఇందులో ప్రాణం విషయం కూడా ఉంది.

1953లో తుంగభద్ర నీళ్ళు కాలువల్లో పారాయి. దిగువ కాలువ మన సిరుగుప్ప మీదుగా కర్నూలు జిల్లాలోకి వెళుతుంది. జొన్న, పత్తి పండిన నేలలో వరి పచ్చబడింది. దానితో పాటు మండు వేసవిలోనూ పొలంలో పని పెరిగింది. కోతలు, మోతలు, కళ్ళాల్లో మిరపకాయలు, ఇటుక బట్టీలు, రోడ్డు పనులు, ఇవన్నీ ఎండలోనే. చెమట రూపంలో మనిషి ఒంట్లోంచి పోయేది నీరొక్కటే అనుకుంటాం. ఉప్పు కూడా పోతుంది. అందుకే చెమట ఆరిన చొక్కా మీద తెల్లని చారలు కనిపిస్తాయి. పోయిన ఉప్పు తిరిగి చేరకపోతే కాళ్ళు పట్టేస్తాయి, తల తిరుగుతుంది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఎండలో పని మానలేని బీదవారికి, వృద్ధులకు ఈ ముప్పు ఎక్కువ.

ఉప్పు, తీపి, నీరు కలిస్తే ఏమవుతుందో చెప్పే చరిత్ర కూడా మన దేశంలోనే ఉంది. పేగుల్లో చక్కెర తోడుంటే ఉప్పు, దాని వెంట నీరు త్వరగా ఒంటికి పడతాయని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వేళ లక్షలమంది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బనగాఁవ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు చక్కెర, ఉప్పు, సోడాఉప్పు నీళ్ళలో కలిపి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. నూటికి ముప్ఫైమంది దాకా పోతున్న చోట, మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లంలో చక్కెర, ఉప్పులతో పాటు సిట్రేటు అనే లవణం కూడా ఉంటుంది. ఆ పేరు నిమ్మజాతి పేరు నుంచే వచ్చింది. 1784లో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు సిట్రిక్ ఆమ్లాన్ని నిమ్మరసం నుంచే వేరుచేశాడు.

అయితే ఒక మాట గుర్తుంచుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, వడదెబ్బ తగిలి మనిషి స్పృహ తప్పినప్పుడు నిమ్మ పానకం చాలదు. మొదటిదానికి ఓ.ఆర్.ఎస్. పొట్లం, రెండవదానికి నీడ, తడిగుడ్డ, వెంటనే ఆసుపత్రి కావాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. మన పానకం ఆ స్థితి రాకుండా కాపాడే కాపలాదారు.

ఇప్పుడు చేసే పద్ధతి చూద్దాం. ఇంట్లో ఉన్నవారు పెన్సిలు, కాగితం తీసుకోవచ్చు. కాచి చల్లార్చి కుండలో పోసిన నీళ్ళు ఒక లీటరు. రసమున్న నిమ్మకాయలు రెండు. తరిగిన బెల్లం 50 గ్రాములు. ఉప్పు పావు చెంచా. దంచిన మిరియాలు చిటికెడు, ఏలకులు రెండు. ముందుగా బెల్లం నీళ్ళలో కరిగించి పలుచని బట్టలో వడగట్టండి. బెల్లంలో ఇసుక ఉంటే అడుగున పడుతుంది. తరువాత ఉప్పు, మిరియాలు, ఏలకుల పొడి వేయండి. చివరన నిమ్మకాయలు పిండండి. గింజలు నలిగితే చేదెక్కుతుంది కనుక ముందే తీసేయండి. వేడి నీళ్ళలో నిమ్మ పిండకండి. రుచీ మారుతుంది, సి విటమినూ తగ్గుతుంది.

పండ్లతో చేయాలంటే, మాగిన కర్బూజ ఒకటి కోసి, గింజలు తీసి, గుజ్జు చేత్తోనే మెదపండి. 100 గ్రాముల బెల్లం, నాలుగు ఏలకులు, మూడు గ్లాసుల నీళ్ళు, ఒక నిమ్మకాయ రసం కలపండి. వెలగపండయితే గుజ్జు కాసేపు నీళ్ళలో నానబెట్టి, పిసికి వడగట్టి, బెల్లం, శొంఠిపొడి వేయండి. పచ్చి మామిడికాయను నిప్పుల్లో కాల్చి, తొక్క తీసి, గుజ్జులో బెల్లం, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపినా బాగుంటుంది. పుచ్చకాయ, అదే కన్నడంలో కల్లంగడి, దాని రసానికి ఒక నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు చాలు. బెల్లమే అక్కరలేదు.

కొన్ని జాగ్రత్తలు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు పోయకూడదు. చిలుము దిగుతుంది. స్టీలు, గాజు, మట్టి పాత్రలు మేలు. బండి మీద షర్బత్తు తాగేటప్పుడు ఐసు ఎక్కడిదో చూడండి. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. నీలంగా కనిపిస్తే వద్దనండి. పండ్ల పానకం ఉదయం చేసింది సాయంత్రానికి ఉంచకండి. ఇంకొకటి, బెల్లమైనా చక్కెరే. సీసా పానీయం 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. మనం చెప్పుకున్న నిమ్మ పానకం గ్లాసులో పన్నెండు, పదమూడు గ్రాములే. తీపి చేయి జారితే మన పానకమూ ఆ సీసాకు తోబుట్టువే అవుతుంది. మధుమేహం ఉన్నవారు బెల్లం మాని, రక్తపోటు ఉన్నవారు ఉప్పు మాని, వైద్యుణ్ణి అడిగి తాగాలి.

చివరగా ఒక మనవి. ఈ వేసవిలో మీ ఊరి బస్టాండులోనో, బడి ముందో, పొలం గట్టునో చలివేంద్రం పెట్టే ఆలోచన ఉంటే, నాలుగు కుండలతో పాటు ఒక గంగాళం నిమ్మ పానకం కూడా పెట్టండి. మీ పొలంలో కూలికి వచ్చిన వారికి మధ్యాహ్నం వేళ ఒక బిందెడు పంపండి. ఖర్చు ఎక్కువ కాదు. నాలుగు నిమ్మకాయలు, ఒక బెల్లం ముక్క, చెంచా ఉప్పు. అయితే పానకం పంపినప్పుడు గ్లాసులు కూడా ఇంట్లోవే పంపండి. ఇంట్లోవారు తాగే గ్లాసులు. తాగాక కడిగి మళ్ళీ అదే గూట్లో పెట్టండి. ఎర్రగుడి బండ మీది శాసనం మనుషులకూ పశువులకూ అని రాసింది. ఏ మనుషులకు అని విడదీసి రాయలేదు. అంత పాత మాటను మన వీధిలో నిలబెట్టడానికి ఈ ఎండాకాలమే మంచి అదను.